తోలు పరిచిన బల్ల

"దుప్పటి తీయమ్మీ."

"తీయను."

"తీయమంటాండా కదా. కప్పిపెడ్తే తప్పు చేసినోళ్ల మాదిరి కనపడ్తాము."

"కనపడితే కనపడనీ. నువ్వు నా కండ్ల ముందర ఉండు, నాకదే చాలు."

జొహరాబీ కొడుకు వైపు చూడకుండా దుప్పటి అంచు పట్టుకుని ఇంకాస్త కిందికి లాగింది. ఎంత లాగినా ఆ బల్ల కాళ్లు దాగడం లేదు. పాడు బల్ల! మోకాలెత్తు లేదు, ఇద్దరు కూర్చుని అన్నం తినడానికి చాలదు, పొద్దుటి నుంచి ఇంటిల్లిపాదికీ ఊపిరాడకుండా చేస్తోంది.

అంగడి షట్టరు సగానికి దించి ఉంది. కింది సందులోంచి చూస్తే వీధిలో మనుషుల ముఖాలు కనబడవు, కాళ్లే కనబడతాయి. పొద్దున ఎనిమిదింటికి రెండు జతల చెప్పులు ఉన్నాయి. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. చెప్పులు, బూట్లు, మోటారు సైకిళ్ల చక్రాలు, వాటి మధ్యలో హెడ్ కానిస్టేబులు రామన్న కూర్చున్న స్టూలు కాళ్లు. ఎవరూ అరవడం లేదు. అరిచినా బాగుండేదని జొహరాబీకి అనిపించింది. అరిచేవాళ్లు అలిసిపోయి ఇళ్లకు పోతారు. వీళ్లు ఊరికే నిలబడి ఉన్నారు.

అంతా ఆ ఎమ్మిగనూరు హరికృష్ణ తెచ్చిపెట్టిన తంటా. ఆయనగారు ఊరి బయట రోడ్డు మీద హోటలు పెడుతున్నాడు. అమెరికాలో గొడ్లు కాసేవాళ్ల హోటళ్లలాగా ఉండాలట, వడ్డించే పిల్లలకు కూడా పెద్ద పెద్ద టోపీలు పెట్టిస్తాడట. లోపలికి అడుగుపెట్టగానే జనం నోరు తెరిచి చూసే బల్ల ఒకటి కావాలని ఫోన్లో ఏదో బొమ్మ చూపించి, "అచ్చం ఇట్లే ఉండల్ల ఖలీలూ, వెంట్రుక తేడా రాకూడదు" అన్నాడు. వెంట్రుక తేడా రాకుండానే చేశాడు ఆమె కొడుకు.

పదహారు రోజులు వంచిన తల ఎత్తలేదు. పాత బండి చక్రాల ఆకులు విప్పి, ఆ నల్లతుమ్మ కర్రతో నాలుగు కాళ్లు చేశాడు. పడగొట్టిన ఇంటి తలుపు టేకుతో పైచట్రం బిగించాడు. జట్కా గుర్రాల అరిగిపోయిన లాడాలు ఏరుకొచ్చి, తుప్పు గీకి, నాలుగు మూలలా దిగగొట్టాడు. కాళ్లకు జనపతాడు చుట్టాడు. ఆ పైన, కొబ్బరి పీచు పలచగా పరిచి, దాని మీద వెంట్రుకలతో సహా ఒక ఎద్దు తోలు సాగదీసి, అంచు చుట్టూ వేలెడు దూరానికొకటి చొప్పున ఇత్తడి గుబ్బ మేకులు కొట్టాడు. ఎర్రటి తోలు, దాని మీద తెల్లని మచ్చలు. చట్రానికి చపడా పాలిషు పట్టిస్తూ ఆమె మొగుడు చోటే సాబ్ చేతిలో గుడ్డ ఆపి, "నేను నలభై ఏండ్లు బండ్లు చేసినా, ఇట్లాంటి పని నా చేతికి రాలేదురా" అన్నాడు. కొడుకును ఎదురుగా మెచ్చుకోవడం ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. జొహరాబీ కళ్లు చెమర్చాయి కూడా.

నిన్న సాయంత్రం హరికృష్ణ వచ్చి చూసి గంతులేశాడు. బల్ల పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, తన ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నాడు. కింద రాసుకున్నాడు కదా మహానుభావుడు, "ఒరిజినల్ ఆవు తోలు, ఆదోనిలో స్పెషల్‌గా చేయించినా" అని! ఎద్దుకూ ఆవుకూ తేడా తెలియనివాడికి గొడ్లు కాసేవాళ్ల హోటలొకటి.

తెల్లారేసరికి ఆ ఫోటో ఆదోని అంతా తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ దాని కింద వేరే మాటలు చేరాయి. ఎవరి ఆవు? యాడ కోసినారు? ఈ అంగడి యా వీధిలో ఉండాది?

రామన్న మంచివాడే. పొద్దున వచ్చినప్పుడే చోటే సాబ్‌తో విషయం విడమరిచి చెప్పాడు. "ఎద్దు సొంతదారుణ్ని పిలిపించు సాబూ. ఇది నా ఎద్దే, జబ్బు చేసి దానంతట అదే సచ్చిపాయ అని ఆయన ఒక్క మాట చెప్తే ఈళ్లందర్నీ నేను ఇండ్లకు పంపిస్తా. ఆ మాట లేకుంటే మాత్రం నీ కొడుకుని జీపెక్కించక తప్పదు. ఎక్కించినాక నా చేతిలో ఏముండదు."

సొంతదారుడు పరాయివాడు కాదు. దేవనకొండ మద్దిలేటి. చోటే సాబ్ చేసిన మొదటి బండి ఆయనకే చేశాడు. పీర్ల పండగకు ఏటా వచ్చి వీళ్లింట్లోనే దిగుతాడు, వదినా వదినా అంటూ జొహరాబీ చేతి అన్నం అడిగి పెట్టించుకుంటాడు. అలాంటి మనిషి ఒక్క మాట చెప్పడా?

ఇంటి లోపలి గుమ్మంలోంచి చోటే సాబ్ ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

"బస్సు దిగినాడంట. నడిచి వస్తాండాడు."

"అల్లా!" అని జొహరాబీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇంకేం భయం లేదు. రానీ మద్దిలేటప్పను. ఈళ్లందరి నోర్లు మూయిస్తాడు."

ఖలీల్ ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఉలి తీసుకుని, చెక్కాల్సింది ఏమీ లేకపోయినా, ఒక తుంట మీద గీతలు గీస్తున్నాడు.

అప్పుడు ఆమెకు మూలన కూర్చున్న సీమోను కనిపించాడు. కనిపించడమంటే, పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు. తోలు పదును పెట్టి అమ్మినవాడు అతనే కాబట్టి సాక్ష్యానికని చోటే సాబ్ దేవనకొండ నుంచి పిలిపించాడు. వచ్చినవాడు పలకల దొంతి పక్కన గొంతుక్కూర్చుని నోరు విప్పలేదు. ఆమె ఇచ్చిన టీ గ్లాసు అలాగే ఉంది. పైన మీగడ కట్టింది.

"టీ తాగలేదేమి సీమోనూ?"

"తాగుతా అక్కా."

"రెండు గంటల నుంచి ఇదే మాట. చల్లగైపాయ, ఇట్లియ్యి, కాచుకొనొస్తా."

సీమోను గ్లాసు ఇవ్వలేదు. దానిలోకి చూస్తూ అన్నాడు: "మద్దిలేటన్న ఈడికి రాకుంటే బాగుండు అక్కా."

"ఏమంటివి?"

సీమోను ఖలీల్ వైపు చూశాడు. ఖలీల్ ఉలి ఆగింది.

"ఏమంటివి సీమోనూ? ఆయప్ప రాకుంటే నా కొడుకు గతేమి?"

"ఆయప్పకు తెల్దక్కా."

"ఏం తెల్దు?"

"తోలు సంగతి."

షట్టరు బయట ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేసి, ఎక్కడికీ పోకుండా మళ్లీ ఆపేశారు.

చోటే సాబ్ ముందుకు వచ్చాడు. "తెల్దంటే? ఆయన అమ్మితేనే కదరా నువ్వు కొన్నావు?"

"అమ్మలే. ఆ ఎద్దు, బొల్లోడు, సచ్చిపోయిన దినం ఆయన ఏడుపు మీరు సూడలేదు సాబన్నా. సచ్చిన గొడ్డు తోలు మా ఇంటోళ్లది, అది తాతల నాటి లెక్క, ఆయనకూ తెలుసు. అయినా నన్ను పిలిచి, 'వీన్ని కొయ్యొద్దురా సీమోనూ, పద్నాలుగేండ్లు నాతో దున్నినాడు, మనిషిని పెట్టినట్ల పెడ్తా' అన్యాడు. సేన్లో గుంత తీయించినాడు. పసుపు నీళ్లు పోసినాడు. కట్టుకున్న పంచె సించి కప్పినాడు. మన్నేసేది సూడలేనని, 'నువ్వు కప్పి రారా' అని నన్ను నిలబెట్టి ఇంటికి పాయ."

"నువ్వు?"

"రెండు పారలు ఏసినా. మూడోది ఎయ్యలేకపోయినా." సీమోను టీ గ్లాసు కింద పెట్టాడు. "దుడ్ల కోసం కాదక్కా, నా బిడ్డల మీద ఒట్టు. అంత మంచి తోలు, యాడా గాటు లేదు, పురుగు లేదు. మా నాయన ఉంటే దాన్ని సూసి నిద్రపోయేవాడు కాదు. మన్ను పాలు చేసేకి మనసు రాలే. తీసుకుని, మిగతాదాన్ని పంచెలో సుట్టి మళ్లీ పెట్టినా. పటిక, ఉప్పు పట్టించి నెల దినాలు దాచిపెట్టినా. ఊర్లో ఎవరికీ సెప్పలే."

జొహరాబీ కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

ఖలీల్ తుంట మీది పొడి ఊదాడు.

"అడుగుతాండేది నిన్నేరా! తెలుసునా?"

"కొన్న దినమే చెప్పినాడు."

"తెలిసీ కొన్నావు."

"యాడన్నా బజార్లో కొంటే అది ఏ గొడ్డుదో, యాడ కోసిందో మనకు తెల్దమ్మీ. ఈ దినాల్లో అట్లాంటిది మన అంగట్లో పెట్టుకుంటే ఏమైతాదో నాకు తెల్దా? ఇది మన మద్దిలేటి చిన్నాయన ఎద్దు. ముసలిదై సచ్చిపాయ. చిన్నప్పుడు దాని మీద కూచ్చొని ఆడుకున్నా నేను. దీని మీద ఎవురూ ఒక్క మాట అనలేరు అనుకున్నా. అందుకే, భయపడే దీన్ని కొన్నా."

"చిన్నాయనకు చెప్పల్లని అనిపించలేదా నీకు?"

"బల్ల అయినాక చెప్దామనుకున్నా. చూసినాక సంతోషపడ్తాడేమో అనుకున్నా."

"సంతోషమా!" అంది జొహరాబీ. ఆమెకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకే తెలియలేదు. కొడుకు చెంప మీద ఒక్కటి వేయడానికి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి వాడి తల మీద పడి, చెక్కపొడి దులిపి కిందికి దిగింది.

చోటే సాబ్ బల్ల దగ్గరికి వెళ్లి, దుప్పటి మీద నుంచే దాని అంచు తడిమాడు.  తర్వాత మెల్లగా అన్నాడు.

"మద్దిలేటికి ఇప్పుడు చెప్పొద్దు."

"ఏమిటికి చెప్పొద్దు?"

"ముందు రామన్న ముందర మాట చెప్పనీ. నాకో ఎద్దుండె, జబ్బు చేసి సచ్చిపాయ, ఆ మాట చాలు. దుప్పటి తీయకుండానే చెప్పిస్తా. ఈ మంది పోయినాక, నేనే ఆయన కాళ్లు పట్టుకుంటా."

"మాట చెప్పించుకొని, తర్వాత చెప్తావా? నలభై ఏండ్ల స్నేహితునికి చేసే పనేనా ఇది?"

"నీకు కొడుకు కావల్నా, న్యాయం కావల్నా?"

"రెండూ కావల్ల నాకు. నేను చెప్తా. నా చేతి అన్నం తిన్న మనిషి. నేను చెప్తే కోప్పడ్తాడు, ఏడుస్తాడు, తర్వాత వింటాడు. వాన్ని ఎత్తుకుని తిప్పినోడు, జైలుకు పోనిస్తాడా?"

"వినకుంటే?"

ఆమె కొడుకు వైపు తిరిగింది. దుప్పటి తీయమని పొద్దుటి నుంచి పోట్లాడిన ఖలీల్ ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదని ఆమె గమనించింది. కొడుకూ భయపడుతున్నాడని అప్పుడు ఆమెకు తెలిసింది.

బయట కారు ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు, తెల్లటి బూట్లు. హరికృష్ణ!

"వచ్చినాడు. ఆయనే చెప్తాడు," అని ఖలీల్ లేచాడు.

కానీ బయటి నుంచి వినబడ్డ మాట వేరు.

"నాకేం సంబంధం సార్ దీనితో? నేను రెగ్జిన్ అడిగినా. తోలు కావల్లని నేను అడగలే."

ఖలీల్ షట్టరు కిందినుంచి వంగి బయటికి దూరాడు. చోటే సాబ్ చొక్కా పట్టుకోబోయాడు, అందలేదు.

"అన్నా! అచ్చం బొమ్మలో ఉన్నట్లే చేయమంటివి కదన్నా! వెంట్రుక తేడా రాకూడదంటివి!"

"డిజైను చూడమన్నా. తోలు కొట్టుకొని రమ్మన్నానా?"

"ఆవు తోలని రాసుకున్నేది నువ్వే కదన్నా? ఎద్దుదని నేను చెప్పలేదా నీకు?"

"నాకేమి తెల్సు? నువ్వేం చెప్తే అదే రాసినా. హోటలు పెట్టుకోని బతికేవాన్ని, నన్నెందుకు లాగుతావురా మధ్యలోకి?"

అప్పటిదాకా ఊరికే నిలబడి ఉన్న గుంపులో మొదటిసారి కదలిక వచ్చింది. కాళ్లు ఒక్కొక్క అడుగు ముందుకు జరిగాయి. "లోపలికి పో, లోపలికి పో" అంటూ రామన్న ఖలీల్‌ను భుజం పట్టి షట్టరు కిందికి తోశాడు. ఖలీల్ మోకాళ్ల మీద లోపలికి వచ్చి పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది.

నిన్న సాయంత్రం హరికృష్ణ ఇదే గుమ్మంలో కూర్చుని, పెద్దమ్మా నీ చేతి టీ ఎమ్మిగనూరు మొత్తం దొరకదు అంటూ రెండోసారి పోయించుకున్నాడు. ఆ టీ వాడి గొంతులో అడ్డం పడకుండా పోయిందే అని జొహరాబీ పళ్లు కొరుక్కుంది. వెళ్లి వాడి తెల్లబూట్ల మీద ఉమ్మి రావాలనిపించింది.

వెనక సందులో తలుపు చప్పుడైంది.

"వదినా! నేను, మద్దిలేటిని."

ఆమె పరుగెత్తుకుని వెళ్లి గొళ్లెం తీసింది. మద్దిలేటి చెప్పులు విడిచి, తల వంచి, వంటింట్లోకి వచ్చాడు. పాత గుడ్డలో మూట కట్టిన చింతచిగురు పొయ్యి పక్కన పెట్టాడు.

"ముందర మందిని సూసి సందులోంచి వచ్చినా. ఏంది వదినా ఈ గలాటా? మన ఖలీలు ఆవును కోసినాడంట! బస్సులో ఒకడు సెప్తాంటే వాని గొంతు పట్టుకుందునే. పిచ్చి నాయాండ్లు. సీమను కూడా సంపలేడు వాడు."

"కూర్చో మద్దిలేటప్పా. నీళ్లు తాగు."

"తాగుతాలే. అన్న ఫోన్లో బొల్లోని గురించి అడిగినాడు. మాట సరిగ్గా వినపడలే. సచ్చిపోయినోనితో ఇప్పుడేమి పని?"

ఇదే సమయం. ఆయనే అడిగాడు. దారి ఆయనే చేసి ఇచ్చాడు. ఒక్క మాట చాలు. జొహరాబీ చెంబు కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అదే చెప్దామని, మద్దిలేటప్పా..."

"మొన్న విత్తనమేసినాము వదినా," అన్నాడు మద్దిలేటి. బొల్లోడి పేరు రాగానే ఆయన ముఖం మెత్తబడింది, ఇక ఆమె మాట వినే ధ్యాసలో లేడు. "వాడు లేకుండా ఇదే మొదటి విత్తనం. విత్తనాల గొర్రు వాని గుంత కాడికి రాగానే పక్కకు తిప్పినా. మా ఉమేషు నవ్వినాడు, రెండు సాళ్లు పోతాయి నాయనా అని. పోతే పోనీలేరా, వాడు నిద్రపోతాండాడు, మీద గొర్రు తోలుతామా అన్యా. ఏరువాక పున్నమికి ఆడ టెంకాయ కొట్టినా. ఊర్లో నవ్వుతారు, ఈనికి పిచ్చి పట్టిందని. నవ్వనీ. నీకు తెల్సు కదా వదినా, మా ఇంటామె పోయినాక ఇంట్లో నాతో మాట్లాడేకి వాడే కదా ఉండె."

జొహరాబీ ఆయన ముందు నేల మీద కూర్చుంది. ఎలా చెప్పడం? నువ్వు గొర్రు తిప్పిన చోట ఉన్నది ఎముకలూ మాంసమూ మాత్రమే, తోలు నా కొడుకు బల్ల మీద ఉందని ఏ నోటితో చెప్పడం?

"ఏమి వదినా? ఏదో సెప్పబోతివి."

"ఏం లేదప్పా. నీళ్లు తాగు."

ఆమె తనను తానే అసహ్యించుకుంది. కాసేపటి కిందట మొగుడి మీద న్యాయం న్యాయమని అరిచిన మనిషి ఆమేనా? సరే, పోనీ. సాబ్ చెప్పినట్లే జరగనీ. దుప్పటి తీయకుండా మాట చెప్పేస్తే చాలు. తర్వాత జన్మంతా ఆయన కాళ్ల దగ్గర పడి ఉంటా. యా అల్లా, ఈ ఒక్క గండం గట్టెక్కించు.

"సొంతదారుడు వచ్చినాడా?" రామన్న గొంతు వినబడింది. షట్టరు కింద వంగి లోపలికి వచ్చాడు. వెనకే ఫోను పైకెత్తి పట్టుకున్న ఒక నల్ల చొక్కా మనిషి కూడా వచ్చాడు. రామన్న వద్దన్నట్లు చెయ్యి ఊపాడు గానీ అతను లెక్కచేయలేదు.

మద్దిలేటి అంగట్లోకి వచ్చాడు. మూలన సీమోనును చూసి, "నువ్వేమిటికి వచ్చినావురా?" అని నవ్వాడు. సీమోను తల ఎత్తలేదు.

"పెద్దాయనా, నీకు ఒక ఎద్దుండె. అవునా?" అన్నాడు రామన్న.

"అవును సామీ."

"ఎట్ల పాయ?"

"ముసలిదాయ. మూడు దినాలు మేత ముట్టలే. నాలుగో దినం తెల్లారేతలికి పాయ, నా ఒళ్లో తలకాయ పెట్టి."

చోటే సాబ్ గట్టిగా ఊపిరి వదిలాడు. రామన్న తృప్తిగా తల ఊపి, చేతిలోని కాగితం మీద రాసుకున్నాడు. జొహరాబీ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు దుప్పటి మీదే ఉంది.

"సరే. ఆ తోలు నీ ఎద్దుదేనని ఈడ సంతకం చేసి పో. అయిపాయ."

"తోలా?" అన్నాడు మద్దిలేటి. "యా తోలు?"

"అదేలే చిన్నాయనా, ఊరికే..." అని ఖలీల్ ముందుకు వచ్చాడు.

"చూపించకుండా సంతకం ఎట్ల చేయిస్తారు?" అన్నాడు నల్ల చొక్కా మనిషి. అంటూనే దుప్పటి లాగేశాడు.

ఆదోని ఎండ షట్టరు కింది నుంచి వచ్చి బల్ల మీద పడింది. ఎర్ర తోలు మీద తెల్ల మచ్చలు, చుట్టూ మెరిసే మేకులు. నల్ల చొక్కా మనిషి కూడా ఒక క్షణం ఫోను దించి చూశాడు. అంత బాగుంది ఆ బల్ల.

 మద్దిలేటి భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని, దగ్గరికి వెళ్లాడు. చెయ్యి చాపి తోలు మీద పెట్టి, వెంట్రుకలు ఏ వైపు వాలి ఉన్నాయో ఆ వైపే, నెమ్మదిగా నిమిరాడు. పశువును నిమిరే అలవాటు ఉన్న చెయ్యి అది. మధ్యకు రాగానే ఆయన వేలు ఆగిపోయింది.

అక్కడ వాత ఉంది. మూడు గీతలు, పక్కన ఒక సున్న. కాలు కుంటినప్పుడు ఎప్పుడో మద్దిలేటే ఇనుము ఎర్రగా కాల్చి వేసినది, అక్కడ మళ్లీ వెంట్రుక మొలవలేదు. అమెరికా బొమ్మల్లోనూ తోళ్ల మీద అలాంటి ముద్రలు ఉంటాయని, ఖలీల్ ఏరి కోరి దాన్ని సరిగ్గా బల్ల నడుమకు వచ్చేలా పరిచాడు.

మద్దిలేటి వేలు మొదటి గీత వెంబడి పోయింది. రెండో గీత. మూడో గీత. సున్న చుట్టూ తిరిగింది.

తర్వాత ఆయన సీమోను వైపు తిరిగాడు. సీమోను తల రెండు చేతుల్లో పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఆయన సీమోనును ఏమీ అడగలేదు. ఖలీల్‌ను చూశాడు.  చోటే సాబ్‌ను చూశాడు, ఆయన కళ్లు దించుకున్నాడు. చివరికి జొహరాబీని చూశాడు. నీకూ తెలుసా అని ఆ చూపు అడిగింది. ఆమె తల తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే బాగుండేదేమో.

"ఏం పెద్దాయనా?" అన్నాడు రామన్న. "నీ ఎద్దేనా ఇది?"

 బయటి కాళ్లు కదలడం మానేశాయి.

"కాదు సామీ."

"ఏందీ?"

"నాది కాదు." మద్దిలేటి బల్ల మీది చెయ్యి తీసేశాడు. "నా ఎద్దు నా సేన్లో ఉండాది. పసుపు నీళ్లు పోసి, నా పంచె కప్పి, నేనే పెట్టినా. ఇదెవురిదో నాకు తెల్దు."

"చిన్నాయనా!" అని ఖలీల్ అరిచాడు.

నల్ల చొక్కా మనిషి అప్పటికే షట్టరు పట్టుకుని పైకి ఎత్తేశాడు. అది గడగడమంటూ పైదాకా పోయింది. పొద్దుటి నుంచి కాళ్లుగా మాత్రమే కనిపించిన వాళ్లందరికీ ఒక్కసారిగా ముఖాలు వచ్చాయి. ఆ ముఖాల్లో సగం జొహరాబీకి తెలిసినవే. పాలవాడి అన్న ఉన్నాడు. ఆమెకు గాజులు అమ్మే మనిషి ఉన్నాడు. రామన్న ఖలీల్ చెయ్యి పట్టుకుని, తన ఒంటిని అడ్డం పెట్టి, జీపు వైపు లాక్కుపోతున్నాడు. "కొట్టద్దు, కొట్టద్దు, జరగండి" అని అరుస్తున్నాడు. చోటే సాబ్ వాళ్ల వెనక పరుగెత్తాడు, జీపు తలుపు తగిలి తల మీది టోపీ పడిపోయింది, తీసుకోలేదు.

జొహరాబీ మాత్రం పరుగెత్తలేదు. మద్దిలేటి మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"మద్దిలేటప్పా! వాత సూసినావు కదప్పా! నీ చేత్తో ఏసిన వాత! సూసినావు కదా!"

ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. 

"సూసినా వదినా," అన్నాడు, ఆమెకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా.

ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని, వంటింట్లోంచి వెనక సందులోకి వెళ్లి, చెప్పులేసుకున్నాడు. ముందు వీధిలో జీపు కదిలింది.